రెండో పీలిక దగ్గర

మామ పోయాడన్న కబురు అత్త పక్కింటి ఫోన్ నుంచి నా ఆఫీసుకు చెప్పింది. ఏడవలేదు. "మిద్దె మీంచి ఆ తాడు అట్నే వేలాడతా ఉండాదమ్మా. తీసేద్దునా?" అని అడిగింది. వస్తున్నానని మాత్రం చెప్పి, వాళ్ళ ఇల్లున్న మడివాళకు బస్సెక్కాను.

మామ మా అమ్మకు అన్న. నౌకాదళంలో చాలా ఏళ్ళు డైవరుగా నీళ్ళ అడుగున పనిచేసి, రిటైరయ్యాక సముద్రం లేని ఈ ఊళ్ళో ఇల్లు కట్టుకున్నాడు. చేప తెచ్చి మిద్దె మీద పెట్టినట్టుందని అమ్మ ఎగతాళి చేసేది. ఆయన నవ్వేవాడు. వేసవిలో ఒక ఈతకొలనులో నలుగురైదుగురికి సిలిండరు కట్టుకుని నీళ్ళలో ఊపిరి తీయడం నేర్పేవాడు. ఒక ఏడాది నన్నూ రమ్మన్నాడు. కాన్వెంట్‌లో సిస్టర్లు నోరెత్తకుండా కూర్చోవడం నాకు బాగా నేర్పారు. నీళ్ళలో ఎవరూ మాట్లాడరు కదా అని ఒప్పుకున్నాను.

పరీక్ష ఆయన పెట్టలేదు. సొంత మేనకోడలికి తాను మార్కులు వేయకూడదని పాత స్నేహితుడిని పిలిపించాడు. సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజు నేను గాల్లో తేలుతుంటే, "ఇది ఈత వచ్చినట్టు కాగితం. బుద్ధి వచ్చినట్టు కాదు," అన్నాడు.

ఆ బుద్ధి కోసమే మిద్దె పిట్టగోడ మీంచి పెరట్లోకి తాడు వేలాడదీశాడు. అత్త పాత ఎర్రచీర చింపి, మీటరుకొక పీలిక కట్టాడు. నేను పెరట్లో నిలబడి ఆ తాడును చూస్తూ డైవ్ ప్లాను గట్టిగా చెప్పాలి. ఎంత లోతు, ఎంతసేపు, ఎక్కడ వెనక్కి తిరగడం. సిలిండరులో మూడో వంతు గాలి పోవడానికి, మూడో వంతు రావడానికి. మిగిలిన వంతు నాది కాదు, నాతో దిగే నా జతది. పైకి వచ్చేటప్పుడు నా బుడగల్లో అతి చిన్నదాన్ని కూడా దాటకూడదు. ఇద్దరిలో ఎవరు బొటనవేలు పైకి చూపినా ఇద్దరూ పైకి రావాలి. ఎందుకని అడగకూడదు.

ఒకసారి, ఏ లోతులో ఎంతసేపు ఉండొచ్చో చెప్పే డైవర్ల పట్టిక చూసి లోతూ కాలమూ అప్పజెప్పాను. ఒక్క తప్పు లేదనుకున్నాను.

"ఏ ఊర్లో ఉండావమ్మణ్ణీ?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆ పట్టిక సముద్రం కోసం రాసిందనీ, మన ఊరు సముద్రం కంటే మూడువేల అడుగుల ఎత్తులో ఉందనీ, ఇక్కడి లోతును ఇంకా ఎక్కువ లోతుగా లెక్కగట్టాలనీ అప్పుడు చెప్పాడు. డైవ్ చేసిన రోజు ఇంకా ఎత్తైన నంది కొండకు కూడా పోకూడదనేవాడు.

ఈతకొలను బయట నా మొదటి డైవ్‌కు, ఊరి అవతల హొసకోటె దాటాక ఒక పాత క్వారీ చూశాడు. రాళ్ళు కొట్టడం ఆపేశాక నిండిన నీళ్ళు. యజమాని మరుసటి వారం ఆ నీళ్ళు తోడించి మళ్ళీ పని మొదలుపెడతానన్నాడు. అంటే ఆ ఆదివారం పోతే ఇక లేదు. ఇంకొక చోటు వెతికే వయసు తనకు లేదని మామ అత్తతో అనడం విన్నాను. ప్లాను నాదనీ, తను నా వెనకాల వస్తాడనీ చెప్పాడు.

జీపులో ఆయన నోటితో ఊపిరి తీస్తున్నాడు. జలుబుతో నీళ్ళలోకి దిగకూడదని నాకు నేర్పింది ఆయనే. అడిగాను. పొద్దున మిరియాల చారు తాగినాను, పోయిందిలే అన్నాడు. గట్టు మీద సామాను కట్టుకుంటున్నంతసేపూ, వద్దు మామా అన్న మాట నా గొంతులోనే ఉంది. పెద్దవాళ్ళకు వద్దని చెప్పడం నాకు రాదు. దిగాం.

నీళ్ళు చల్లగా, పచ్చగా ఉన్నాయి. లారీ ట్యూబుకు కట్టిన, అలాగే మీటరుకొక పీలిక ఉన్న తాడు పట్టుకుని కిందికి జారాం. మొదటి పీలిక దగ్గర ఆయన ముక్కు నొక్కి చెవులు సర్దుకున్నాడు. కొంచెం దిగి మళ్ళీ నొక్కాడు. రెండో పీలిక దగ్గర ఆగి ఇంకొకసారి నొక్కి, తల పక్కకు వంచి, కిందికి పద అన్నట్టు చెయ్యి చూపాడు. కింద చీకటి. నా ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినబడటం లేదు. జలుబుకు మూసుకుపోయిన చెవితో ఇంకొక మీటరు దిగితే లోపలి పొర చిరుగుతుందని ఆయనే నాకు బొమ్మ గీసి చూపించాడు.

బొటనవేలు పైకెత్తాను.

ఆయన నా వైపే చూశాడు. ఎంతసేపో నాకు తెలియదు. తరవాత తనూ బొటనవేలు ఎత్తాడు. చిన్న బుడగల వెనకాలే నెమ్మదిగా పైకి వచ్చాం. మాస్కు తీస్తే లోపల నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. ముక్కు నుంచి నెత్తురు. తుడుచుకుని, మాస్కు క్వారీ నీళ్ళలోనే కడిగేశాడు.

గట్టు మీద కాపలావాడు, "అప్పుడే అయిపోయిందా సార్? ఇంతదానికా ఇంత సామాను?" అన్నాడు.

"మా జత పైకి రమ్మనిందప్పా," అన్నాడు మామ. అంతే.

క్వారీ నీళ్ళు తోడేశారు. ఆ తరవాత డాక్టరు గుండె బలహీనమన్నాడు. ఆయన మళ్ళీ నీళ్ళలోకి దిగలేదు. ఆయన చివరి డైవ్ రెండు మీటర్లు. అది నా మనసులో ముల్లులా ఉండేది. ఒక రోజు మడివాళ మార్కెట్లో చిక్కుడుకాయలు ఏరుతుంటే, కోపం రాలేదా మామా అని అడిగేశాను.

"వచ్చింది," అన్నాడు, కాయలు ఏరుతూనే. "కానీ ఎందుకని అడిగింటే, ఇంకోసారి చెయ్యెత్తే ముందు నువ్వు ఆలోచించుకుంటావు. నీళ్ళలో అంత టైము ఉండదమ్మణ్ణీ."

పోయిన నెల ఆసుపత్రిలో ఇంకొక ఆపరేషన్ చేద్దామన్నారు. "ఇంక చాలు. ఇంటికి పోదాం," అన్నాడు మామ. ఎందుకని డాక్టరు అడిగాడు. ఎందుకని అత్త ఏడుస్తూ అడిగింది. ఆయన నా వైపు చూశాడు. ఆ ప్రశ్న నా నోటిదాకా వచ్చింది. మింగేసి, మంచం కింద ఉన్న ఆయన చెప్పులు తీసి కాళ్ళ దగ్గర పెట్టాను.

బస్సు దిగేసరికి సన్నగా జల్లు మొదలైంది. లోపల జనం. నేను పెరటి తలుపు దగ్గర నిలబడ్డాను. అత్త వచ్చి పక్కన నిలబడింది. తాడు అట్లే ఉండనీ అత్తా అన్నాను. వాన నీళ్ళు ఆ తాడు వెంట దిగుతున్నాయి. ఒక్కొక్క పీలిక దగ్గర ఆగి, కాస్త నిండి, మళ్ళీ కిందికి జారుతున్నాయి.