గది బయట కూర్చున్న అత్త

“అమ్మ పోయింది” అన్నాడు బావ ఫోన్‌లో. అతని వెనక ఆసుపత్రి వరండాలో ఎవరో మందుల షాపు ఎక్కడని బెంగాలీలో అడుగుతున్నారు. ఇవతల ఖిదిర్‌పూర్ రేవు పక్కన, మా ఆఫీసు రేకుల మీద వాన కురుస్తోంది. పోయింది మా మేనత్త, నాన్నకు అక్క. పది రోజులు దాటినా “అత్త ఉండేది” అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

మాది ఓడల మరమ్మతు కంపెనీ. కళింగపట్నం నుంచి రేవు పనికి వచ్చిన తాత ఒక చిన్న షెడ్డుతో మొదలుపెట్టాడు. తాత తర్వాత నాన్న చూసుకున్నాడు. నాన్న హఠాత్తుగా పోవడంతో అత్త చైర్మన్ అయింది. అప్పటిదాకా ఆమె ఆడపిల్లల బడిలో భూగోళం చెప్పేది. మామయ్య అప్పటికే లేడు. ఉన్న ఒక్క కొడుకు, మా బావ, యార్డు పనులు చూసేవాడు.

అప్పట్లో మా బోర్డు మీటింగంటే ఆదివారం భోజనమే. చేపల పులుసు వడ్డించుకుంటూ ఎవరిని తీసుకోవాలో, ఎవరిని తీసేయాలో తేల్చేసేవారు. అత్త వస్తూనే అది మాన్పించింది. కుటుంబంతో సంబంధం లేని ఇద్దరిని డైరెక్టర్లుగా తెచ్చింది. ఒకాయన ఓడల్లో పనిచేసి రిటైరైన బెంగాలీ ఇంజనీరు, రెండో ఆవిడ బ్యాంకు ఆఫీసరు, మన తెలుగావిడే. బోర్డులో ఉన్న చిన్నాన్న అక్క మీద మండిపడ్డాడు.

“పరాయోళ్ళకి ఇంటి గుట్టు చెప్పుకుంటామేటి అప్పా?”

“గుట్టు దాసుకోడానికి ఇల్లుంది కదరా. ఇది కంపెనీ. ఇందులో మనోళ్ళవి కాని ప్రాణాలు బోల్డున్నాయి” అంది అత్త.

బడిలో అలవాటో ఏమో, మీటింగులో తలూపేవాళ్ళను ఆమె అసలు నమ్మేది కాదు. “అవుననీవోళ్ళు ఆగండి. ముందు కాదనీవోళ్ళు చెప్పండి” అనేది. ఎవరూ నోరు విప్పకపోతే బ్యాగులోంచి ఎండు ఉసిరి ముక్క తీసి బుగ్గన పెట్టుకుని, అది కరిగేదాకా ఊరకే కూర్చునేది. ఆ మౌనం భరించలేక చివరికి ఎవరో ఒకరు మాట్లాడేవారు. నేను డైరెక్టరునైన కొత్తలో అలా నోరు విప్పినదాన్ని నేనే. చెప్పింది తప్పయినా, ఇంటికొచ్చే దారిలో నా భుజం తట్టి “తప్పు చెప్పినా పర్లేదే, చెప్పేవు కదా” అంది.

తర్వాత ఆ ప్రమాదం జరిగింది. ఒక ఓడ పోటు సమయానికి రేవు దాటాలి. దాని ట్యాంకులో ఇంకా గ్యాస్ పరీక్ష కాలేదు, వెల్డింగ్ వద్దని సేఫ్టీ ఆఫీసరు అడ్డం పడ్డాడు. బావ వినలేదు. “నేను చెప్తున్నాను కదా, దించండి” అన్నాడు. లోపలికి దిగిన వెల్డరు గ్యాస్ అంటుకుని కాలిపోయాడు. రెండు రోజులు కొట్టుమిట్టాడి చనిపోయాడు.

తప్పును ఆ పని చేయించిన ఫోర్‌మన్ మీదకు నెట్టేద్దామని చిన్నాన్న ఇంటింటికీ తిరిగి చెప్పాడు. అత్త విచారణ మొత్తం బయటి డైరెక్టర్ల చేతికిచ్చింది. నిర్ణయం తీసుకునే రోజున అందరూ కూర్చోగానే ఆమె లేచింది.

“ఇప్పుడు నా కొడుకు సంగతి మాటాడుతారు. నేనుండకూడదు.” తలుపు దాకా వెళ్ళి నా వైపు తిరిగింది. “నువ్వూ రాయే. నీకూ వాడు అయినోడే.”

చిన్నాన్న మాత్రం లేవనని మొండికేశాడు; మేమిద్దరం వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. లోపల చిన్నాన్న గొంతు పెరగడం, తగ్గడం వినిపిస్తూనే ఉంది. అత్త రేవు క్రేన్ల వైపు చూస్తోంది. “పొద్దున్న ఏటైనా తిన్నావా?” అని అడిగింది. తిన్నానని చెప్పాను. కాసేపటికి మళ్ళీ అదే అడిగింది.

చివరికి ఇంజనీరు బయటికొచ్చాడు. “దీదీ...” అని ఆగిపోయాడు. ఆమె చెప్పమన్నట్టు తలూపింది. బావను అన్ని బాధ్యతల నుంచీ తప్పించారు. జరిగింది జరిగినట్టు ప్రభుత్వానికి తెలియజేయాలన్నారు. చిన్నాన్న ఒక్కడే ఒప్పుకోలేదట. “వాడు కాదన్నాడని కూడా రాయండి” అంది అత్త.

కొడుక్కి తనే చెప్తానని పట్టుబట్టింది. నేను వెంట వెళ్ళాను. బావ అంతా విని, “నువ్వు అమ్మవా, చైర్మన్‌వా?” అన్నాడు. ఆ వారమే అతను భార్యతో ఊరి అవతలి కొసన ఉన్న సాల్ట్ లేక్‌కు వెళ్ళిపోయాడు. కేసులో జైలు తప్పింది కాని, తల్లి గడప మాత్రం తొక్కలేదు.

ఆ వెల్డరు ఇంటికి అత్త ఒంటరిగా వెళ్ళింది. వచ్చాక చెప్పులు విడుస్తూ, “తలుపు ముఖమ్మీదే వేసీసింది వాడి పెళ్ళాం. వెయ్యదేటి మరి?” అంది. తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుంది. నీళ్ళ చప్పుడును మించి ఆమె ఏడుపు వినిపించింది.

నేను కనిపిస్తే చాలు, “బావ బీపీ మాత్ర వేసుకుంటన్నాడా?” అని అడిగేది. అతనూ నన్ను పట్టుకుని “అమ్మ మోకాలెలా ఉంది?” అనేవాడు. ఒకే ఊళ్ళో ఉంటూ ఏళ్ళ తరబడి ఇద్దరూ నా ద్వారానే ఆ మాటలాడుకున్నారు. మీరే మాట్లాడుకోండని చాలాసార్లు బతిమాలాను. ఇద్దరూ మాట మార్చేసేవారు.

అత్త ఆసుపత్రిలో చేరిన తర్వాత, ఒక మధ్యాహ్నం బావ వచ్చాడు. ఆమె చాలా చిక్కిపోయింది. అతను గిన్నె అందుకుని సగ్గుబియ్యం జావ చెంచాతో పట్టాడు. సగం తాగాక అడిగాడు.

“అమ్మా, ఆ రోజు నువ్వు లోపలే ఉండుంటే ఏటి చేసీదానివి?”

అత్త అతని ముఖం చూసింది. “నిన్ను కాసీదాన్ని నాన్నా. ఆ కాలిపోయినోడి పెళ్ళాం, పిల్లలూ ఏటైపోయినా సరే, నిన్నే కాసీదాన్ని. అందుకే లేచి వచ్చీసేను.”

బావ గిన్నె కింద పెట్టి, మంచం పట్టీకి నుదురు ఆనించుకున్నాడు. ఆమె చెయ్యి ఎత్తలేక, వేళ్ళతో అతని జుట్టు కొసలు తడిమింది. వాళ్ళకు మిగిలింది ఆ ఒక్క వారమే. ఇంకొంచెం ముందు వచ్చి ఉంటేనా అని అతను ఇప్పుడు అనుకుంటున్నాడు. నేనూ అనుకుంటున్నాను.

అస్థికలు కలిపిన రోజు గంగ పోటు మీద ఉంది. బావ మోకాలి లోతుకు దిగి దోసిలి వదిలాడు. ఒడ్డున పురోహితుడు “పైకి రండి బాబూ” అని పిలుస్తున్నాడు. హౌరా వెళ్ళే లాంచీ ఒకటి దగ్గర్నుంచి పోయింది. దాని అలలు వచ్చి తగిలినా అతను కదల్లేదు. దోసిలి ఖాళీ అయి చాలాసేపైంది. రెండు చేతులూ ఇంకా నీళ్ళలోనే, దేన్నో పట్టుకున్నట్టు దగ్గరగా ఉన్నాయి.