బిగించని బోల్టుకు పసుపు గీత

మా ఇంట్లో కుళాయి కారినప్పుడల్లా నేను గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటాను. కుళాయికీ తలుపుకీ ఏమిటి సంబంధం అంటారా? అది చెప్పాలనే కూర్చున్నాను. ఏళ్ల తరబడి మోస్తున్న బరువు ఇది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్పడం తేలిక, రేపు పొద్దున్న కాఫీ దగ్గర మీ మొహం నాకు ఎదురుపడదు కదా.

మా మావయ్యగారు, అంటే మా ఆయన నాన్నగారు, వాయుసేనలో ఇంజన్లు బాగుచేసి రిటైరయ్యారు. కాకినాడ మనిషే అయినా ఉద్యోగమంతా కంటోన్మెంట్లలో గడిచింది. ఆ తర్వాత ఢిల్లీ ద్వారకలో మా దగ్గరే ఉండిపోయారు. మా చిన్న కారు నీలం పొగ కక్కడం మొదలుపెట్టినప్పుడు మా ఆయన, ఎలాగూ పదిహేనేళ్లు నిండితే ఢిల్లీలో తిరగనివ్వరు, తుక్కుకి ఇచ్చేద్దాం అన్నారు. మావయ్యగారు ఒప్పుకోలేదు. ఇంజను దించి, ఇంటి దగ్గరే విప్పి మళ్లీ కడతానన్నారు. "నాన్నా, నీ చేతులు వణుకుతున్నాయి" అని మా ఆయన అందరి ముందూ అనేశారు. నాకు ఒళ్లు మండింది. నేను సాయం చేస్తాను మావయ్యగారూ అన్నాను. చూశారా, మొదట్లో నేను మంచిదాన్నే.

ఆయనకి వాయుసేన నుంచి తెచ్చుకున్న పద్ధతి ఒకటి ఉండేది. బోల్టు తగినంత బిగిసిందని టార్క్ రెంచ్ టక్‌మని చెప్పాలి. అప్పుడే ఆ బోల్టు తల మీద నుంచి పక్క ఇనుము దాకా పసుపు రంగుతో ఒక గీత గీయాలి. గీత పడ్డ బోల్టును ఇంకెవరూ ముట్టుకోరు, దాని గురించి అడగరు. గీత గీస్తే మాట ఇచ్చినట్టే.

ఆ ఆదివారం కింద పార్కింగులో, పిస్టన్ రాడ్లను క్రాంకుకు పట్టి ఉంచే క్యాపులు బిగిస్తున్నాం. మిగతావన్నీ ఆయన బిగించి, ఆఖరి క్యాపు రెండు బోల్టులూ నాకు వదిలి టీ తాగడానికి వెళ్లారు. పక్క ఫ్లాటు ఆంటీ నిలబడి చూస్తోంది. నా గర్వం నాకు. చేత్తో తిరిగినంత తిప్పి, రెంచ్ అందుకోబోతుంటే ఆఫీసు ఫోను. రంగు సీసా మూత తీసి ఉంది. పైకి వెళ్లొచ్చి బిగిద్దాంలే అని ముందే రెండు గీతలూ గీసేశాను. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది అలవాటే. ముందు "అయిపోయింది" అని పెట్టేస్తాం, పని తర్వాత చేసుకుంటాం. ఎవరూ చావరు.

ఫోను తెమిలేసరికి చాలా సేపయింది. నేను దిగేసరికి మావయ్యగారు ఇంజను అడుగున ఆయిల్ చాంబర్ మూసేసి, గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నారు.

"అన్నీ అయ్యాయి కదమ్మా?"

"గీతలు గీశాను కదా మావయ్యగారూ."

"అచ్ఛా, ఠీక్ హై. నీ గీత ఉంటే నేను చూడక్కర్లేదు."

చాంబర్ మళ్లీ విప్పడం ఎంత పని? ఆయన విసుక్కునేవారా? కాదు, నవ్వేవారు. ఆ నవ్వుకే భయపడ్డానో, ఆంటీ ఇంకా అక్కడే ఉందనో, మా ఆయన కిందకొచ్చి ఇద్దరూ ఇద్దరే అంటారనో, లేక చేత్తో బిగించింది చాల్లే అని నిజంగానే నమ్మానో, ఎన్నిసార్లు తవ్వుకున్నా ఇదమిత్థంగా తేలదు. అబద్ధం మాత్రం ఆడాను. ఒక్క ముక్క అబద్ధం లేని మాటతో ఆడాను.

గొలుసు కప్పీతో ఇంజను ఎత్తి కారులో కూర్చోబెట్టాం. తాళం తిప్పగానే అందుకుంది. శభాష్ నాన్నా అన్నారు మా ఆయన. మావయ్యగారు కాలనీ చుట్టూ రెండు చుట్లు తిప్పుకొచ్చారు. నేను మాత్రం ఎప్పుడు ఎక్కినా ఇంజను చప్పుడే వింటూ కూర్చునేదాన్ని. కొన్ని వారాలకి వినడం మానేశాను.

మా అమ్మాయిని గ్రేటర్ నోయిడాలో హాస్టల్లో దింపడానికి బయల్దేరాం. మావయ్యగారు నడుపుతున్నారు, పక్కన అమ్మాయి, వెనక నేను. ఎక్స్‌ప్రెస్ వే మీద టకటకమని మొదలైంది. నాకు వెంటనే తెలిసిపోయింది. ముందు సీటు గట్టిగా పట్టుకున్నాను. ఆయన కారు పక్కకి తీస్తుండగానే లోపల ఏదో పగిలి, కారు రోడ్డు మధ్యలోనే ఆగిపోయింది. వెనక వస్తున్న లారీ మమ్మల్ని రాసుకున్నట్టే వెళ్లింది. ఎవరికీ ఏం కాలేదు. కన్నకూతుర్ని ఆ కారెలా ఎక్కించాను?

కారు ఇంటికి లాక్కొచ్చాక చాంబర్ విప్పారు. నేను గీత గీసిన బోల్టుల్లో ఒకటి తెగి ఉంది, రాడ్డు ఇంజన్ని చీల్చుకుని బయటికొచ్చింది. ఆ క్యాపు మావయ్యగారు అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశారు. దానికి మిగిలిన రెండో బోల్టు మీద పసుపు గీత చెక్కుచెదరలేదు.

"గీత ఉంది. అంటే నువ్వు బిగించావు. నేనే లోపల బేరింగు సరిగ్గా కూర్చోబెట్టలేదమ్మా" అన్నారు. నేను ముందే చెప్పానుగా అన్నారు మా ఆయన. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఆ వారంలోనే సామాన్ల పెట్టె కాలనీ మెకానిక్‌కి ఇచ్చేశారు. మళ్లీ స్క్రూడ్రైవర్ పట్టుకోలేదు. ఫ్యాను ఆగినా, మిక్సీ మొరాయించినా దూరం నుంచి చూసి వెళ్లిపోతారు. ఇవాళ పొద్దున్న వంటింటి కుళాయి కారుతుంటే కింద గిన్నె పెట్టి, "ప్లంబర్ భయ్యాని పిలిపించమ్మా, నా చేతులు ఇక పనికిరావు" అన్నారు. అలాగే మావయ్యగారూ అన్నాను. ఇవాళ కూడా అంతే అన్నాను.

ఆయన పక్క గదిలోనే పేపరు చదువుకుంటున్నారు. చెప్పాల్సింది ఆయనకి, చెప్పింది మీకు. ఇది క్షమాపణ కాదని నాకు తెలుసు. అయినా రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది. ఆయన చేతుల తప్పేం లేదు. ఆ రెండు బోల్టులూ నేను బిగించలేదు. గీతలు మాత్రం గీశాను.