పెన్సిల్‌తో రాసుకునే సారు

జడ్చర్లలో ఒక దుకాణం మేడ మీది గదిలో మాకు జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాష నేర్పిన సారు, పాఠాలన్నీ పెన్సిల్‌తోనే రాసుకునేవారు. ఏటా హైదరాబాదులో డెవలపర్ల కాన్ఫరెన్సుకు వెళ్లొచ్చి, నోటుపుస్తకంలో పాత పాఠాలను రబ్బరుతో తుడిచి, అవే పేజీల్లో కొత్తవి రాసేవారు. తుడిచి తుడిచి ఆ కాగితాలు అవతలి వేళ్లు కనబడేంత పలచబడ్డాయి. ఎన్ని కొత్తవి నేర్చుకున్నా మా బ్యాచ్‌లో అప్పటికి ఒక్కరికీ ఉద్యోగం రాలేదు.

ఒక ఏడు నన్నూ వెంట తీసుకెళ్లారు.

"అక్కడ ఏముంటది సార్?" అని బస్సులో అడిగాను.

"చాయ్ మంచిగుంటది. మనం నేర్చుకున్నది పాతగయిందని చెప్తరు."

అలాగే అయింది. సారు ఆర్నెల్లుగా మాకు నేర్పుతున్నదాన్ని, ఇక ఎవరూ వాడరని వేదిక మీది వక్త ఒక్క మాటలో తీసిపారేశాడు. ప్రశ్నలుంటే అడగమన్నప్పుడు సారు లేచారు.

"ఇయ్యాల మీరు చెప్పింది ఎన్నేండ్లుంటది సార్?"

హాలంతా నవ్వింది. ఆ నవ్వు మీద నాకు ఇప్పటికీ కోపమే. వక్త కూడా నవ్వి, మైకు ఇంకొకరికి ఇమ్మన్నాడు. సారు మాత్రం జవాబు వస్తుందని కాసేపు అలాగే నిలబడ్డారు.

తిరుగు బస్సులో నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. తుడుస్తారేమోనని రబ్బరు అందించాను. తీసుకోలేదు.

"కొత్తయి ఏం రాసుకోలే బిడ్డా," అన్నారు. "వచ్చే ఏడు తుడిచే పని తప్పింది."