ఆపరేటర్ నిద్రపోతున్నాడట

ఉయ్యూరులో చిన్న టూరింగ్ టాకీస్‌లో బొమ్మ వేసే పని నేర్చుకుని, తొంభైల మధ్యలో విజయవాడ వచ్చి గవర్నర్‌పేటలో ఒక సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేరాను. బొమ్మ బాగా పడితే ఆపరేటర్ అనేవాడొకడున్నాడని ఎవరికీ గుర్తు రాదు. రీలు తెగితేనే గుర్తొస్తాడు. అప్పుడు హాలంతా వెనక్కి తిరిగి నా క్యాబిన్ కిటికీ వైపు చూసి తిట్టేది. ఆ తిట్లకి నాకెప్పుడూ కోపం రాలేదు. తిట్టినవాళ్ళే ఇంటర్వెల్లో మెట్ల కింద కనబడి, "ఏంటి గురూ, పొద్దున్నుంచీ ఇంతేనా?" అని టీ ఇప్పించిన రోజులున్నాయి.

కోపం వచ్చింది మాత్రం నెట్ వచ్చాక.

మా హాలుకి రెండు సందుల అవతల ఒక సాయిబు గారు నెట్ సెంటర్ నడిపేవారు. అంతకుముందు అదే కొట్లో పాటల క్యాసెట్లు అమ్మేవారు. అవి ఎవరూ కొనడం మానేశాక నాలుగు కంప్యూటర్లు పెట్టారు. ఒకరోజు పొద్దున మార్నింగ్ షోకి వెళ్తుంటే నన్ను పిలిచారు.

"భాయ్, మీ హాలు గురించి రాశారు. చూస్తావా?"

చూశాను. సినిమా అభిమానులు రాసుకునే సైటు అది. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు. "ఆ హాలుకి ఎవరూ వెళ్ళకండి రా. ఒక రీలు బాగుంటుంది, తర్వాతది చీకటి. వాడు ఒక రీలు వేసి కునుకు తీస్తున్నాడు" అని ఒకాయన రాశాడు. కింద పదిమంది దాకా అవునవునన్నారు. ఒకడైతే, "తాగి పడుకుంటాడని విన్నాను" అన్నాడు. ఎక్కడ విన్నాడో, ఎవరు చెప్పారో లేదు. నేను జన్మలో చుక్క ముట్టినవాణ్ణి కాదు.

అసలు సంగతి ఇది. మా క్యాబిన్లో మిషన్లు రెండు. ఒకదాన్లో రీలు అయిపోయేసరికి రెండోదాన్లో తర్వాతి రీలు మొదలవ్వాలి. ఆ రెండో మిషను బల్బుకి గడువు ఎప్పుడో దాటిపోయింది. అందుకే రీలు విడిచి రీలు చీకటి. మేనేజరు గారికి మూడుసార్లు చెప్పాను. "వెలుగుతోందిగా, ఇంకేం" అన్నారాయన. గడువు దాటిన బల్బు పేలిందంటే దాని పక్కన నుంచునేది నేను. ఆ మాటా చెప్పాను. వినలేదు.

నాకు టైపు రాదు. సాయిబు గారే కూర్చుని, నేను చెప్పింది చెప్పినట్టు కొట్టారు. "నేనే ఆ హాలు ఆపరేటర్ని. తప్పు బల్బుది, నాది కాదు" అని. సాయంత్రానికి జవాబులొచ్చాయి. "ఆపరేటర్‌కి నెట్ ఏం తెలుసు? ఇది ఓనరు మనిషి పని" అని నవ్వుకున్నారు. నేను నిద్రపోతున్నానంటే అందరూ నమ్మారు. నేను ఉన్నానంటే ఒక్కరూ నమ్మలేదు. ఆ రోజు అన్నం సహించలేదు నాకు.

మర్నాడు ఇంకో ముక్క రాయించాను. "మొదట రాసిన పెద్దమనిషి ఏ మ్యాట్నీకైనా రావచ్చు. గేటు దగ్గర ఆపరేటర్ కావాలని అడిగితే పైకి పంపిస్తారు."

వస్తాడనుకోలేదు. నాలుగో రోజు మ్యాట్నీకి వచ్చాడు. నెట్లో అందరినీ రా, ఒరే అన్న మనిషిని ఏ కాలేజీ కుర్రాడో అనుకున్నాను. చూస్తే నలభై దాటినాయన, మంగళగిరిలో లెక్కల మాస్టారు. మెట్లెక్కిన ఆయాసంలో చేతులు జోడించాడు.

"నమస్కారమండీ. మీరేనాండీ?"

"నేనేనండీ. నిల్చుని చూడండి."

క్యాబిన్లో ఆ వేడి, ఆ మోత ఆయనకి కొత్త. మొదటి రీలు చివర తెర మూల రీలు మార్చమనే చుక్క కనబడగానే రెండో మిషను అందుకున్నాను. బొమ్మ ఆగలేదు గానీ వెలుగు సగానికి పడిపోయింది. ఆయన చిన్న కిటికీలోంచి తెర చూశాడు, మిషను చూశాడు, నా వైపు చూశాడు. నేనప్పటికే అయిపోయిన రీలు తీసి, తర్వాతది ఎక్కిస్తున్నాను.

"కూర్చోడానికి ఉండదాండీ?"

"ఇరవై నిమిషాలకో రీలండీ. ఇందులో నేనెప్పుడు పడుకోవాలో లెక్క వేసి మీరే చెప్పండి."

ఆయన తల దించుకున్నాడు. "సారీ అండీ. ఏదో సరదాకి రాశాను."

ఆ సరదా అన్న మాట నన్ను తిట్టుకన్నా ఎక్కువ మండించింది. అయినా ఇంటికొచ్చిన మనిషి లాంటివాడు, ఏమనను? "మీ సరదాకి నా పని పోయేదండీ" అని మాత్రం అన్నాను. ఆయన ఇంటర్వెల్ దాకా ఉండి వెళ్ళిపోయాడు.

ఆ వారమే బల్బు సంగతి ఆయన సైటులో వివరంగా రాశాడు. అది ఓనరు గారి అల్లుడి కంట పడింది. మేనేజరు గారు నన్ను పిలిచి, "హాలు గుట్టు ఊళ్ళో పెడతావా?" అని అందరి ముందూ అరిచారు. నేను మీకు చెప్పలేదా అని అడిగితే, ఎదురు మాట్లాడుతున్నానన్నారు. పది రోజులకి కొత్త బల్బు వచ్చింది. నేనే బిగించాను. సైటులో వెంటనే, "అభిమానుల కోరిక మన్నించిన యాజమాన్యానికి ధన్యవాదాలు" అని వరసపెట్టి రాశారు. నన్ను తాగుబోతన్నవాడు కూడా అందులో ఉన్నాడు.

పాత రాత తీసెయ్యమని, సాయిబు గారి నంబరిచ్చి సైటులోనే మాస్టారికి కబురు పెట్టాను. ఆయన నెట్ సెంటర్‌కి ఫోన్ చేసి, "ఆ పేరుతో లోపలికి వెళ్ళే పాస్‌వర్డ్ మర్చిపోయానండీ. కొత్త పేరుతోనే రాస్తున్నాను" అని నొచ్చుకున్నాడు. మనిషి పరువు తీయడం సులువట, రాసింది తుడవడానికి తాళం కావాలట. పోనీలే, క్షమాపణ మాత్రం వేరే రాశాడు, పొడుగ్గా, మనసు పెట్టి. దాని కింద నెల తిరిగినా ఒక్కటే జవాబు వచ్చింది. ఆదివారం ఫస్ట్ షోకి బాల్కనీ టికెట్లు దొరుకుతాయా అని.

దొరుకుతాయని సాయిబు గారి చేత నేనే రాయించాను.