ఆరు మూతల మీద బొట్టు

అది 2008 ఫిబ్రవరి. చిత్తూరు బస్టాండుకు కొంచెం ఎడంగా, నాలుగు మెట్లు దిగి వెళ్లాల్సిన గదిలో నా ప్రింటర్ల దుకాణం ఉండేది. బంగారుపాళ్యం దగ్గర మాకు మామిడి తోటలుండేవి. తాత పోయాక వాటాల తగాదాలు, కోర్టు వాయిదాలు వాటిని మింగేశాయి. ఈ మాట ఎవరి జాలి కోసమూ రాయడం లేదు. తోటలు పోయినా ఇంటి అలవాటు ఒకటి నాతో వచ్చింది. నాగలి కానీ, కొడవలి కానీ బొట్టు పెట్టకుండా మా ఇంట్లో పనిలోకి దిగేది కాదు. నేను అమ్మిన ప్రతి మెషీనుకూ నా చేత్తోనే గంధం, కుంకుమ పెట్టి ఇచ్చేవాణ్ణి.

ఆ రోజుల్లో ఇంట్లో ఫోటోలు ప్రింట్ చేసుకునేవాళ్లకు కార్ట్రిడ్జి పెద్ద బాధ. వేలెడంత డబ్బాలో ఇంకు ఇట్టే అయిపోయేది. దానికి మార్గంగా కంటిన్యువస్ ఇంక్ సిస్టం వచ్చింది. ప్రింటరు పక్కన ఆరు రంగులకు ఆరు అరల ట్యాంకు, ఒక్కో అర నుంచి లోపలికి సన్నని గొట్టం. తగ్గినప్పుడల్లా ఇంకు పోసుకోవడమే.

మద్రాసు రిచీ స్ట్రీట్‌లో ఇవి రకరకాలుగా దొరికేవి. మూడు కిట్లు తెచ్చి దుకాణంలోనే పరీక్షించాను. మొదటి రోజు రంగుల మెరుపు చూసి కొనేవాళ్లు మోసపోతారు. నేను ప్రింటరును పది రోజులు ముట్టకుండా వదిలి, ఆ తర్వాత నాజిల్ చెక్ తీసేవాణ్ణి. కాగితం మీదికి ఇంకు చిమ్మే హెడ్‌లోని సన్నని రంధ్రాలు ఎండిపోయాయో లేదో గీతలతో చూపే కాగితం అది. ఫోటోను సగం అట్టతో మూసి ఎండ తగిలే కిటికీకి అంటించేవాణ్ణి. ఒక కిట్టు గొట్టాలు బిరుసుగా ఉండి హెడ్డును కదలనిచ్చేవి కావు. ఇంకొకదాని ఇంకులో పట్టుచీర ఎరుపు నెల తిరక్కుండానే ఇటుక రంగుకు దిగింది. మూడోది నిలిచింది. దానికి పూచీ నాది అని చెప్పి అమ్మేవాణ్ణి.

ఆ ఫిబ్రవరికి కొన్ని నెలల ముందే గ్రీమ్స్‌పేటలో ఉండే విజయ ఆ కిట్టే కొనింది. ఎనిమిదేళ్లు కలర్ ల్యాబులో ప్రింట్ల రంగు సరిచూసిన మనిషి. ల్యాబు మూతపడ్డాక ఇంట్లోనే ఫోటో ప్రింటరు పెట్టుకుంది. వాళ్లమ్మ కాంతమ్మ ఒకప్పుడు మా తోటలో కాయలు ఏరింది. ఆ సంగతి నాకు తెలుసు, నాకు తెలుసని వాళ్లకూ తెలుసు. ఆ మాట ఎవరమూ ఎత్తలేదు.

వాళ్లింటికి పోయి నేనే బిగించాను. ట్యాంకు ప్రింటరుతో సమానంగా ఉండాలనీ, ఎత్తులో పెడితే ఇంకు కారిపోతుందనీ చెప్పాను. విజయ అన్నీ కాగితం మీద రాసుకుంది. ఒక్కో అర మీద శనగబద్దంత గుండ్రటి మూత ఉంటుంది, ఎయిర్ ఫిల్టర్ అంటారు. దుమ్మును ఆపి గాలిని మాత్రం లోపలికి పంపుతుంది. దాని గురించి చెప్పలేదు. పని ముగించి, జేబులోంచి గంధం, కుంకుమ పొట్లం తీశాను. ఆరు మూతలు ఆరు నొసళ్లలా కనిపించాయి. వరసగా బొట్లు పెట్టాను.

రోజుకు నాలుగైదు ఫోటోలు తీసినన్నాళ్లు ఏ ఇబ్బందీ రాలేదు. ఆ ఫిబ్రవరిలో ఆమెకు బాలికల హైస్కూలు పదో తరగతి గ్రూప్ ఫోటో దొరికింది, అరవై కాపీలు. శనివారం వీడ్కోలు. శుక్రవారానికి ఇవ్వకపోతే పాత స్టూడియోకే పోతామని హెడ్‌మిస్ట్రెస్ ముందే చెప్పింది. విజయకు అది మొదటి స్కూలు. అది చేజారితే ఇంకో స్కూలు ఆమెను నమ్మదు.

మంగళవారం ఫోన్ చేసింది. "సార్, ముఖాలు పసరు రంగు కొడతాండాయి. పొద్దున మొదటి నాలుగు షీట్లు బాగుండాయి. ఆ తర్వాత ఎరుపు తగ్గిపోతాండాది."

"హెడ్ క్లీనింగ్ మూడుసార్లు చెయ్యమ్మా" అన్నాను.

బుధవారం మళ్లీ చేసింది. "క్లీనింగ్ చేసేకొద్దీ ఎక్కువైతాండాది సార్."

"చవక ఇంకేమన్నా పోసినావా?"

"మీరిచ్చిన సీసాలే ఇంకా సగం ఉండాయి సార్. నేను ల్యాబులో పనిచేసినదాన్ని."

"నా చేత్తో బిగించింది ఇట్లా చెడదు" అని పెట్టేశాను.

గురువారం పొద్దున కాంతమ్మ చేసింది. "నాయనా, బిడ్డ నిన్నట్నించీ అన్నం తినలేదు. నువ్వొచ్చి సూడు. మాది తప్పయితే తప్పని సెప్పి పో. ఫోన్లో సెప్తే మెషీనుకు ఇనపడదు గదా!"

వెళ్లాను. మంచం మీద చెడిన ఫోటోలు వరసగా పరిచి ఉన్నాయి. ఒక్కోదాని వెనక పెన్సిలుతో తీసిన టైము రాసి ఉంది. ల్యాబు అలవాటు. విజయ ఒక్కొక్కటీ తిప్పి చూపింది. రాత్రంతా ఆగిన తర్వాత నాలుగు మంచివి. మధ్యాహ్నం భోజనం తర్వాత రెండు. కరెంటు పోయి వచ్చాక ఒకటి. మెషీను ఎంతసేపు ఊరకుంటే అన్ని మంచి ఫోటోలు. ఇది ఇంకు దోషం కాదు, హెడ్ దోషం కాదు. దేనికో ఊపిరాడడం లేదు.

మోకాళ్ల మీద కూర్చుని ట్యాంకు చూశాను. ఆరు మూతల మీదా గంధం పొర మీద పొరగా ఎండి సున్నం పూసినట్టు గట్టిపడి ఉంది. ఒక మూత లేపాను. సుయ్‌మని గాలి లోపలికి పోయింది. ముఖాలకు ఎక్కువ ఖర్చయ్యే రంగు కాబట్టి ముందుగా గొట్టంలో నిలిచిపోయిన ఎర్ర ఇంకు నా కళ్ల ముందే కదిలింది.

"ఇంకు బయటికి పోవాలంటే అంత గాలి లోపలికి రావాల. ఊరకున్నప్పుడు సందుల్లోంచి కొంచెం దూరతాది, ఆపకుండా తీస్తే అది చాలదు" అన్నాను.

కాంతమ్మకు వెంటనే అర్థమైంది. "నూని డబ్బాకి రెండో సిల్లు పొడిస్తేనే దార పడినట్ల గదా!" అని, ఆ మూతల వైపు చూసి ఆగిపోయింది. "అయ్యో, ప్రతి శుక్కురవారం ఆడ బొట్టు నేనే పెడతా ఉండా నాయనా. నువ్వు పెట్టినావు గదా, మానకూడదనుకున్నా. నా సేతులారా బిడ్డ పని సెడగొట్టుకున్న్యానే!"

విజయ తల్లి వైపు చూసింది. ఆ చూపు నేను చూశాను. నేను ఒక్క నిమిషం ఊరకుంటే చాలు, ఆ తప్పు ఆ ముసలామె దగ్గరే ఉండిపోయేది. మా ఇంట్లో తప్పు నాది అన్న మగవాణ్ణి నేను చూడలేదు. వాటాల తగాదాలో ఎవరో ఒకరు ఆ మాట అని ఉంటే, బహుశా ఒక తోటైనా మిగిలేది.

"మొదటి బొట్టు నాది కాంతమ్మా" అన్నాను. "ఆడ పెట్టకూడదని తెలిసినవాణ్ణి నేను. మీకు చెప్పలేదు. పైగా విజయమ్మను చవక ఇంకు పోసినావా అని అడిగినాను. తప్పు నాది."

విజయ నేను లేపిన మూతను చేతిలోకి తీసుకుని చూసింది. "కడిగితే ఆ ఫిల్టర్లు పనికొస్తాయా సార్, కొత్తవి తెస్తారా?" అని అడిగింది.

దుకాణానికి పోయి కొత్త ఫిల్టర్లు, నా వల్ల పాడైన కాగితానికి బదులు కొత్త ప్యాకెట్టు తెచ్చాను. సాయంత్రానికి అరవై అయ్యాయి. విజయ ఒక్కొక్కటీ కిటికీ వెలుగులో పట్టి చూసి మూడింటిని పక్కన పెట్టింది. "బాగానే ఉండాయి గదమ్మా" అన్నాను. "లేదు సార్, మూడో వరసలో ఈ పిల్ల ముఖం ఇంకా పసరుగానే ఉండాది" అంది. నాకు కనిపించలేదు. ఆమెకు కనిపించింది. మళ్లీ తీశాము. శుక్రవారం స్కూలుకు ఇవ్వడానికి అన్నీ సిద్ధమయ్యాయి.

నేను చెప్పులు వేసుకుంటూ ఉంటే కాంతమ్మ గంధం గిన్నె పట్టుకుని వచ్చింది. "రేపు శుక్కురవారం. ఇంక యాడ పెట్టాలో సూపిచ్చి పో నాయనా." ట్యాంకు ముందువైపు, ఏ రంధ్రమూ లేనిచోట, పెన్నుతో చిన్న సున్నా గీసి ఇచ్చాను.

మూతలో గాలి రంధ్రం ఉంటుందని నాకు బాగా తెలుసు. అయినా నా చెయ్యే దాన్ని మూసింది. విజయ రెండుసార్లు ఫోన్ చేసి చెప్పింది. రెండుసార్లూ ఆమె ఏం చేసిందా అని ఆలోచించాను తప్ప, ఏం చూసిందో వినలేదు. ఇప్పుడు ఫోన్ వస్తే ముందు కాగితం, పెన్సిలు తీసుకుంటాను. ఎన్నో షీటు, ఎంతసేపు ఆగిన తర్వాత, ఏ రంగు తగ్గింది అని అడిగి రాసుకుంటాను.

బొట్టు మానలేదు. నేను అమ్మే ప్రతి ట్యాంకు మీదా ముందువైపు ఆ సున్నా ఉంటుంది. ఇదేంది సార్ అని అడిగినవాళ్లకు మొత్తం చెబుతాను, మొదటి బొట్టు ఎవరిదో కూడా.