దింపుడు కళ్లం దాకా: కొల్లేట్లో ఒక ల్యాప్‌టాప్ పరీక్ష

దుమ్ముకీ తడికీ ఓర్చేలా చేసిన సెమీ రగ్గడ్ ల్యాప్‌టాప్ కొనాలా వద్దా అన్నది ఏసీ గదిలో కూర్చుంటే తేలే సంగతి కాదు. తాడేపల్లిగూడెంలో మాది చిన్న సర్వే ఆఫీసు. మామూలు ల్యాప్‌టాప్‌లు దుమ్ముకీ తేమకీ వరసగా చచ్చిపోతుంటే, డీలరు ఒకటి తెచ్చి కొన్నాళ్ళు వాడి చూడమన్నాడు. "ఎండా వానా దీనికి లెక్కలేదు మేడమ్" అన్నాడు. అమ్మేవాడి మాట మీద నాకు మొదటినుంచీ నమ్మకం తక్కువ. అదే వారం కొల్లేటి ఊరొకటి నుంచి పని వచ్చింది. ఆ ఊరి నుంచి శ్మశానానికి వెళ్ళే పాత దారి ఓ చేపల చెరువులో కలిసిపోయింది. చెరువు యజమాని గట్టు తిరిగి వేయిస్తూ, దారి ఎక్కడుండేదో కొలిచి చూపిస్తే అంత మేర వదిలేస్తానని మాటిచ్చాడు. నేను కొలిచిన మర్నాడే పొక్లెయిన్ దిగుతుంది. ఇంతకంటే మంచి పరీక్ష దొరకదనుకుని బయల్దేరాను.

పొద్దున్న పాసింజరు ఎక్కితే గంటలో ఏలూరు. స్టేషను బయట ఇడ్లీ తిని, రానూపోనూ తొమ్మిది వందలకు ఆటో మాట్లాడుకున్నాను. కైకలూరు బస్సులు చవకే కానీ, దిగాక లోపలి ఊళ్ళకి మళ్ళీ ఆటోయే దిక్కు. డ్రైవరు నా సంచి ఎత్తి, "ఏవండీ, ఇందులో ఇటుకలేమన్నా పెట్టారాండీ?" అన్నాడు. రెండున్నర కిలోలు మరి, నడుము గుర్తుంచుకుంటుంది. దారంతా చేపల మేతకి తవుడు మోసుకెళ్ళే లారీలు. గతుకుల్లో కావాలనే ల్యాప్‌టాప్ తెరిచి ఒళ్ళో పెట్టుకున్నాను. ఎక్కడా ఆగిపోలేదు.

చెరువు గట్టు మీద సూరయ్య గారు ఎదురుచూస్తున్నారు. అరవై దాటిన మనిషి, చెరువుకి మేత కట్టే పని. ఊరి తరఫున పడవ నడపడానికి ఆయనే ముందుకొచ్చారట. నేను మురుగుకాలువ వంతెన పక్కనున్న సర్వే రాయిని ఆధారం చేసుకుని, పాత గ్రామపటాన్ని స్క్రీన్ మీద జరిపి, ఉపగ్రహ చిత్రంతో సరిపెట్టాను. ఎర్రటి ఎండలోనూ గీతలు తేటగా కనిపించాయి. మనం ఎటు కదిలితే పటం మీద నీలం చుక్క అటు కదులుతుంది. సూరయ్య గారు తొంగి చూసి, "దారి వంపు తిరిగే చోటు చూపిస్తారాండీ?" అని అడిగారు.

"ఎందుకండీ?"

"అక్కడే దింపుడు కళ్లమండి. పోయినేడు వానల్లో మా ఆడమనిషి కాలం చేసింది. దారి లేదు కదండీ, పడవ మీదే తీసుకెళ్ళిపోయాం. దింపడానికి చోటేదండీ? పిలవకుండానే పంపేశాను."

శ్మశానానికి ముందు పాడె దించి, చెవి దగ్గర మూడుసార్లు పేరు పెట్టి పిలవడం మనవైపు ఆనవాయితీ. కొనప్రాణం ఉంటే లేస్తారేమోనని కడసారి ఆశ. ఆ ఆశ కూడా ఈయనకి దక్కలేదు.

మేత పడవలో కూర్చున్నాం. వెదురు గెడలకి వేలాడే చిల్లుల మేత బస్తాల మధ్య నుంచి ఆయన పడవ పోనిస్తున్నారు. సగం దూరంలో జల్లు అందుకుంది. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి వెరవడమెందుకని ల్యాప్‌టాప్ మూయలేదు. అది నిజంగానే చెక్కుచెదరలేదు. చుక్క దారి గీత మీదికొచ్చి, వంపు దగ్గర నిలిచింది.

"ఇక్కడేనండి" అన్నాను.

ఆయన గెడ దించి, తలపాగా తీసి, నీళ్ళ మీదికి వంగారు. "నలభయ్యేళ్ళూ 'ఇదిగో' అనే పిలిచానండి. పేరు పెట్టి పిలవాల్సింది ఇక్కడే" అన్నారు. తర్వాత మెల్లగా, "మంగమ్మా" అన్నారు. కాసేపాగి మళ్ళీ, "మంగమ్మా."

నేను తల దించుకుని స్క్రీన్ తుడిచాను. పటంలో కాలువ గీత, చిత్రంలోని కాలువ మీద లేదు. పొద్దున్న సరిచేసిన పటాన్ని కదలకుండా లాక్ చేయడం మర్చిపోయాను. చినుకుల్ని కూడా వేళ్ళనుకుని టచ్ స్క్రీన్ పటాన్ని పక్కకి జరిపేసింది. ఊరుకుంటే ఆయనకి తెలియదు. కానీ రేపు గట్టు ఈ కొలతల మీదే పడుతుంది.

"సూరయ్య గారూ, ఆగండి. ఇక్కడ కాదు. నాదే పొరపాటు."

ఆయన నడుమెత్తి, చేతిలోని తలపాగా గుడ్డ నాకందించారు. ఒక్క మాట కోప్పడినా నాకు తేలికగా ఉండేది.

"మరెక్కడండీ?"

ఆయన తలపాగా గుడ్డతోనే స్క్రీన్ పొడిగా తుడిచి, టచ్ ఆపేసి, కీబోర్డుతో పటాన్ని మళ్ళీ కాలువకి సరిపెట్టాను. తూర్పుకి ముప్పై గజాలు. పడవ అక్కడికి చేరాక రెండుసార్లు సరిచూసుకుని, పటంలో చోటు గుర్తు పెట్టి, "ఇక్కడండి. మూడుసార్లూ మళ్ళీ పిలవండి" అన్నాను.

"వద్దండి. ఆ రెండూ వినే ఉంటది. అక్కణ్ణించి ఇక్కడికి నడిచి రావాలి కదండీ, పాపం." వంగి, మూడోసారి పిలిచారు. తర్వాత గెడ అందుకున్నారు, మిగతా దారి కూడా కొలిచాకే ఒడ్డుకి తిరిగాం.

తిరుగు రైలు తాడేపల్లిగూడెం చేరేసరికి చీకటి పడింది. బ్యాటరీ ఇంకా పావు వంతు ఉంది. కొనొచ్చని ఆఫీసులో చెప్పాను. దుమ్ము, ఎండ, కుదుపు, జల్లు అన్నీ తట్టుకుంది. ఆ పూట తట్టుకోలేనిది నేనే. యంత్రం పాడైపోతే పని ఆగుతుంది, మనకి తెలుస్తుంది. అది చక్కగా పనిచేస్తూ తప్పు చోటు చూపిస్తే, ఎదుటి మనిషి మన మాట నమ్మి తన దుఃఖాన్ని అక్కడే దించుకుంటాడు. గట్టు మాత్రం వంపుతో సహా దారికి చోటు వదిలే పడిందని తర్వాత సూరయ్య గారు ఫోన్ చేసి చెప్పారు.

మీరూ ఇలాంటి దానితో నీళ్ళ మీదికి వెళ్తుంటే ఒక్క సలహా: పటం సరిచేయగానే లాక్ చేసి, టచ్ ఆపేయండి, పొడి గుడ్డ ఒకటి చేతిలో ఉంచుకోండి. ఎవరికైనా "ఇక్కడేనండి" అని చెప్పే ముందు స్క్రీన్ తుడిచి చూడండి.