సిరిల్ మెడలో విల్ఫ్ మఫ్లరు

శుక్రవారం మధ్యాహ్నం గడిస్తే వంటింటి బల్ల మీద రొట్టె ముక్కలు పరిచేదాన్ని. మర్నాడు మా బ్రాక్‌షా ఫుట్‌బాల్ జట్టు పరాయి ఊళ్లో ఆడుతోందంటే ఇంట్లో అదే పని. మా ఆయన విల్ఫ్‌కి పంది మాంసం, ఆవాల ముద్ద. సిరిల్‌కి చీజు, ఉల్లిపాయ. రెండు పొట్లాలూ ఒకేలా కనబడతాయని విల్ఫ్ పొట్లానికి ఎర్ర దారం కట్టేదాన్ని. ఇప్పుడు దారంతో పని లేదు. పొట్లం ఒక్కటే. మనిషి పోయింది మా ఇంట్లో, ఆకలి మిగిలింది సిరిల్‌కి.

సిరిల్ బూత్ మా వరస ఇళ్లలో చివరి ఇంట్లో ఉంటాడు. తివాచీల మిల్లు మూసేసేదాకా అందులోనే రంగుల తొట్టెల దగ్గర పని చేశాడు. గోళ్లలో నీలం ఇంకా పోలేదు. పెళ్లి లేదు. తల్లి ఉండేది. ఆమె పోయినప్పుడు చర్చివాళ్లు శనివారం పూడుద్దామంటే, ఆ రోజు ఆట ఉందని మంగళవారం దాకా ఆపించాడు. ఊరు నాలుగు రోజులు నవ్వుకుంది. ఇంగ్లండులో సగం ఊళ్లు తిరిగాడు గాని ఏ ఊళ్లోనూ నది చూడలేదు, బజారు చూడలేదు. ఏ మైదానంలో వాన నిలబడుతుందో, ఎక్కడ మాంసం కూరిన పేస్ట్రీ లోపల చల్లగా ఉంటుందో అడిగితే మాత్రం చెబుతాడు.

ఆటలకి వెళ్లే బస్సు డగ్ రమ్స్‌డెన్‌ది. అంటే బస్సు అద్దెదే, పెత్తనం డగ్‌ది. ఆ బస్సులో సీట్లకి చీటీలుండవు. ఎవరి సీటు వాళ్లకి చచ్చేదాకా. విల్ఫ్‌ది ముందు వైపు కిటికీ పక్కన. సిరిల్‌ది వెనక, మరుగుదొడ్డి తలుపుని ఆనుకుని. ఎవరు తలుపు తీసినా సిరిల్ మోకాలికే తగులుతుంది. "కాపలాదారూ, లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడగకుండా ఒక్కడూ వెళ్లడు. ఒకసారి వాడి ఫ్లాస్కులో టీ పారబోసి వెనిగర్ నింపారు. సిరిల్ ఒక గుక్క తాగి, "పాలు కొంచెం విరిగినట్టున్నాయి" అని మూత పెట్టేశాడట. ఆ మాట ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. విల్ఫ్ కూడా నవ్వాడు. అందరికన్నా ముందు నవ్వలేదు, అంతే.

అక్టోబరులో విల్ఫ్ పోయాడు. పూడ్చి వచ్చాక మా ఇంట్లోనే టీలు, రొట్టెలు పెట్టాను. డగ్ నోట్లో ముద్ద ఉండగానే అడిగాడు.

"అన్నట్టు ఎనిడ్ తల్లీ, ఆ కిటికీ సీటు మా బావమరిది ఎప్పట్నించో అడుగుతున్నాడు."

"సిరిల్‌కివ్వు" అన్నాను.

విధవరాలి ఇంట్లో, ఆమె రొట్టె తింటూ కాదనలేకపోయాడు. అప్పుడే విల్ఫ్ మఫ్లరు కూడా కొక్కెం మీంచి తీసి సిరిల్ మెడలో వేశాను. ఎరుపు, నలుపు చారలది, నేను అల్లిందే.

మా ఊళ్లో ఒక పట్టింపుంది. ఆగస్టులో మొదటి ఆట మొదలుకుని మే నెలలో చివరి ఆట దాకా మఫ్లరుకి నీళ్లు తగలనివ్వరు. ఉతికితే అదృష్టం కొట్టుకుపోతుందంటారు. అందుకని విల్ఫ్ మఫ్లరులో ఆయన పైపు పొగాకు, తలనూనె, చెవుల వెనక చెమట, అన్నీ అలాగే ఉన్నాయి. ఆయన చొక్కాలు, దుప్పట్లు మా అక్క వచ్చి, మంచికే అనుకుని, మొత్తం ఉతికేసి వెళ్లిపోయింది. ఇంట్లో మనిషి వాసన అన్నది లేదు. శుక్రవారం శుక్రవారం సిరిల్ పొట్లం అందుకోవడానికి వంగినప్పుడు మఫ్లరు నా ముఖం దగ్గరికొస్తుంది. ఆ కాసేపటి కోసమే రొట్టెలు చేస్తున్నాను.

అయితే ఆ అక్టోబరు నుంచి బ్రాక్‌షా బయట ఊళ్లో ఒక్క ఆటా గెలవలేదు. రేపు చివరి ఆట, సముద్రం ఒడ్డున ఉన్న సాండ్‌ఫ్లీట్‌లో. డ్రా చేసినా చాలు, ఈ డివిజన్‌లో ఉంటాం. ఓడితే కింది డివిజన్‌కి పోతాం. అక్కడ మైదానం చుట్టూ గోడ కూడా ఉండదట, బంతి పక్క పొలంలో గొర్రెల్లోకి పోతుందట.

ఇవాళ సిరిల్ ఎప్పటికన్నా ముందే వచ్చాడు. కోటు విప్పకుండానే మొదలెట్టాడు.

"గాలి మనదే ఎనిడ్! పొద్దున్నించీ చూస్తున్నాను. రెండో సగంలో సముద్రం గాలి మన వీపున ఉంటుంది. టాస్ గెలిచి ఎదురుగాలికి ముందు ఆడేస్తే చాలు. వాళ్ల గోల్‌కీపర్‌కి ఎత్తు బంతులంటే భయం, ఈస్టరప్పుడు చూశాను, కళ్లు మూసుకుంటాడు. కార్నర్ కిక్కులు తెచ్చుకుంటే చాలు మనకి. నేను కిటికీ దగ్గర కూర్చుంటానా, వంతెన దాటగానే వాళ్ల ఫ్లడ్‌లైట్లు ముందు నాకే కనబడతాయి. మరుగుదొడ్డి దగ్గరైతే ఏం కనబడేది, పైపు తప్ప."

చెబుతుంటే వాడి ముఖం పెళ్లికొడుకు ముఖంలా ఉంది. అప్పుడే డగ్ వెనక తలుపులోంచి వచ్చాడు. తలుపు కొట్టలేదు, ఎప్పుడూ కొట్టడు.

"ఇక్కడే ఉన్నావా? నీ ఇంటికే వెళ్లొస్తున్నా. ఒరేయ్ సిరిల్, రేపు నువ్వు రావట్లేదు."

సిరిల్ నవ్వాడు. వాడిమీద వేసే జోకులకి వాడు ముందే నవ్వేస్తాడు.

"నవ్వుతావేంట్రా! బస్సంతా అనుకున్నాం. నీది ఐరన్ లెగ్గు. నువ్వు ఆ సీట్లో కూర్చున్నాక గెలిచామా? చెప్పు."

"పోయినేడు కూడా ఓడాం కదా డగ్."

"ఓడాం. మధ్యమధ్య గెలిచి ఓడాం. ఇప్పుడు నీ పిర్ర ఆ సీటుకి తగిలిన దగ్గర్నించీ వరసగా."

"వెనక సీట్లో కూర్చుంటాలే."

"అక్కడ మా బావమరిది కూర్చుంటున్నాడు."

"నిలబడతా."

"నిలబడితే మాత్రం కాలు కాలు కాకపోతుందా? రేడియో వినుకో ఇంట్లో. వద్దులే, అదీ వినకు. నువ్వు వింటే మూడు గోల్సు పడతాయి మనకి."

నేను అన్నాను, "ఇరవై రెండుమంది ఆడితే ఓడేది సిరిల్ వల్లనా?"

"నువ్వు ఊరుకో తల్లీ. రొట్టెలు నీ పని, ఆట మా పని."

సిరిల్ కుర్చీలో కూలబడ్డాడు. గోళ్లు చూసుకుంటున్నాడు. ఆ మనిషికి శనివారం తీసేస్తే వారంలో ఏమీ మిగలదు, అది డగ్‌కీ తెలుసు. కాసేపటికి సిరిల్ చెయ్యి మెడ మీదికెళ్లింది. మఫ్లరు పట్టుకున్నాడు. తల పైకెత్తాడు.

"నేను కాదు డగ్. ఇది!"

"ఏది?"

"ఈ మఫ్లరు! ఇన్నేళ్లూ నేను రాలేదా? అప్పుడు గెలవలేదా? విల్ఫ్ పోయాక ఇది మెడలో పడింది, అప్పట్నించే ఈ దరిద్రం. చచ్చినవాడి మఫ్లరు డగ్! వాడు పట్టుకుని లాగుతున్నాడు మనల్ని."

డగ్ గడ్డం గోక్కున్నాడు. వాడికి నచ్చింది, నాకు తెలిసిపోయింది. నిజానికి సిరిల్ లేకపోతే దారంతా ఎవరి మీద నవ్వాలో వాళ్లకీ తెలియదు.

"విల్ఫ్ అంతేలే. ఉన్నప్పుడు కూడా ఒకటి చేతికొస్తే వదిలేవాడు కాదు" అన్నాడు. "అయితే ఉతికించు. వాడి శని వదిలిపోవాలి. ఏ ఇంట్లోంచి వచ్చిందో ఆ ఇంట్లోనే ఉతకాలి, మా నాన్న చెప్పేవాడు. రేపు బస్సు తలుపు దగ్గర నా చేతికివ్వు. తడిగా ఉండాలి, సబ్బు వాసన రావాలి. పొడిగా తెచ్చావనుకో, కాలు పైన పెట్టనివ్వను. పారేశాననో మరిచిపోయాననో అన్నా అంతే."

"తెస్తా, తెస్తా!"

సిరిల్ దాన్ని మెడలోంచి గబగబా తీశాడు. పాము చుట్టుకుంటే తీసినట్టు తీసి నా చేతుల్లో పెట్టాడు.

"ఎనిడ్, బాగా మరిగే నీళ్లలో వెయ్యి. రెండుసార్లు రుద్దు. వాడి కంపు పూర్తిగా పోవాలి."

"కంపా?" అన్నాను.

"అవును మరి, నీకు అలవాటైపోయి తెలియట్లేదు గాని, ఇన్నాళ్లూ నేను కిటికీ తెరుచుకుని కూర్చున్నాను" అన్నాడు. డగ్ పగలబడి నవ్వాడు. జన్మలో మొదటిసారి బస్సు నవ్వు సిరిల్ వైపుంది. వాడి చెవులు ఎర్రబడ్డాయి సంతోషంతో. "చలికాలంలో కూడా తెరుచుకున్నాను డగ్, శవపేటిక పక్కన కూర్చున్నట్టుండేది!" అని ఇంకొకటి వేశాడు. డగ్ వాడి వీపు మీద చరిచాడు. ఇద్దరూ సందులో నవ్వుకుంటూనే వెళ్లారు. పొద్దున్నే వచ్చి తీసుకెళతానని గుమ్మం దగ్గర్నించి సిరిల్ కేకేశాడు.

బేసిన్‌లో వేడినీళ్లు పోశాను. సబ్బు కోరి వేసి చేత్తో కలిపాను, నురగ వచ్చింది. మఫ్లరు తీసి నీళ్ల మీద పట్టుకున్నాను. ఆవిరి తగిలేసరికి అందులోంచి విల్ఫ్ లేచి వచ్చినట్టు పొగాకు వాసన ఒక్కసారి గుప్పుమంది. పని నుంచి వచ్చి, వాన కోటుతోనే నా వెనక నిలబడి, కుండలో ఏముందని అడిగేవాడు కదా, అచ్చం ఆ వాసన.

సిరిల్ ముఖం గుర్తు చేసుకున్నాను. గాలి మనదే అన్నప్పటి ముఖం. జాలేసింది, వెయ్యలేదని ఎందుకనాలి. రేపు వాడు వాకిట్లో నిలబడి బతిమాలతాడు, వాడికి బస్సు పోతుంది, దానితోపాటే వాడి బతుకులో మిగతాదీ పోతుంది.

మఫ్లరు మడిచి ఒళ్లో పెట్టుకుని పొయ్యి పక్కన కూర్చున్నాను. బేసిన్‌లో నురగ ఒక్కో బుడగే చితికింది. నీళ్లు చల్లబడి, పైన సబ్బు తెట్టు కట్టింది. లేచి మళ్లీ నీళ్లు పెట్టలేదు.